బెంచి మీద టెస్టింగ్‌కి బ్యాటరీయా, సప్లైయా?

కొత్త బెంచి: గాజువాక ఆటోనగర్‌లో షాపు. వైపర్ మోటార్లు, రేడియేటర్ ఫ్యాన్లు, అప్పుడప్పుడు ఈసీఎంలు (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ డబ్బాలు) విప్పి చూడాలి. కరెంటుకి ఏం పెట్టుకోమంటారు?

సెల్ఫ్ మోటార్: 60 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ ఒకటి పడేసుకో, అంతే. ఎస్‌ఎంపీఎస్ (మెయిన్స్ కరెంటుని డీసీ చేసే సప్లై డబ్బా) మీద 30 ఆంపియర్లని రాసుంటుంది గానీ ఫ్యాన్ తగిలిస్తే టక్ టక్‌మని కొట్టుకుంటది. తిరిగేటప్పుడు 12 ఆంపియర్లే అయినా కదిలేటప్పుడు మూడు నాలుగు రెట్లు లాగుద్ది. సప్లై ఓవర్‌లోడ్ అనుకుని కట్ చేసి మళ్లీ ఇస్తది. మంచి ఫ్యాన్‌ని పోయిందనేస్తాం.

డయోడ్: ప్లస్ టెర్మినల్‌కి జానెడు లోపు ఫ్యూజు పెట్టమని చెప్పరేం? క్లిప్పులు రెండూ తగిలితే వందల ఆంపియర్లు పోతాయి. ఈసీఎంకైతే కరెంట్ లిమిట్ ఉన్న 0–30 వోల్టుల, 10 ఆంపియర్ల సప్లై కొనండి. 13.5 వోల్టులు, 1 ఆంపియర్ లిమిట్‌తో మొదలుపెట్టండి. లోపల షార్టుంటే వోల్టేజీ పడిపోతుంది, బోర్డు మీద రాగి ట్రాక్ కాలదు.

సెల్ఫ్ మోటార్: 10 ఆంపియర్లతో సెల్ఫ్ (స్టార్టర్ మోటార్) తిప్పండి చూద్దాం. ఖాళీగా తిరిగినా 50 పైనే తాగుద్ది.

డయోడ్: ఆయన సెల్ఫ్ అడగలేదు. ప్రశ్న చదవండి.

సెల్ఫ్ మోటార్: ఆటోనగర్ షాపుకి సెల్ఫ్ రాదేటి?

జంక్షన్: బ్యాటరీ ఛార్జర్‌తోనే నేరుగా తిప్పుతున్నా. ఏం కాలేదు.

డయోడ్: మోటార్లకైతే ఏం కాదు. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్‌లో వోల్టేజీని నిలకడగా ఉంచే ఫిల్టర్ కెపాసిటర్ ఉండదు. సెకనుకి 100 సార్లు లేచి పడుతుంది, పైమొన 17 వోల్టులు దాటొచ్చు. మల్టీమీటర్ సగటు చూపిస్తుంది కాబట్టి 12 అనే కనపడుతుంది. ఈసీఎంకి తగిలించారో, డబ్బులు మీ జేబులోంచే.

సెల్ఫ్ మోటార్: మీ బెంచి వాళ్లు ఓకే స్టిక్కర్ వేసి పంపిన వైపర్లే నా దగ్గరకొస్తాయి. బల్ల మీద ఖాళీగా తిరుగుద్ది, బండిలో తడి అద్దం మీద నిలబడిపోద్ది. తిట్లు నాకు!

డయోడ్: అంటే మీ గొడవ సప్లైతో కాదు, లోడు లేకుండా చూడటంతో. బ్యాటరీ పెట్టినా ఖాళీగానే కదా తిప్పుతారు?

సెల్ఫ్ మోటార్: చేత్తో ఆపి చూస్తాం కదేటి.

డయోడ్: వైపర్ గేరుని చేత్తోనా! వేళ్లు జాగ్రత్త. షాఫ్టుకి లివర్ బిగించి స్ప్రింగ్ లాగించండి, క్లాంప్ మీటర్‌లో ఆంపియర్లు చూడండి.

రిలే: ఈసీఎం కోసం సప్లై కొనే డబ్బు తక్కువైతే బ్యాటరీకి సిరీస్‌లో 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు పెట్టండి. ఎంత షార్టయినా నాలుగున్నర ఆంపియర్లు దాటదు, బల్బు వెలిగి చెప్పేస్తుంది.

కొత్త బెంచి: ఫ్యూజు ఎంతది?

సెల్ఫ్ మోటార్: ఫ్యాన్‌కి 40. సెల్ఫ్‌కి వద్దు, కటాఫ్ స్విచ్ చాలు.

డయోడ్: సెల్ఫ్‌కీ కావాలి.