అప్‌డేట్: 15 వేలలోపు స్టీరియో పవర్ యాంప్లిఫయర్, ఆ గుయ్‌మనే శబ్దం సంగతి

గత నెల అడిగాను, గుర్తుందా? నావి 6 ఓమ్‌లు, 86 డీబీ (డెసిబెల్, శబ్దం కొలత) సెన్సిటివిటీ ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, 12×14 అడుగుల గది. పాత యాంప్ గుయ్‌మంటోంది, 15 వేలలోపు క్లాస్ ఏబీ (పాత తరహా, ఎక్కువ వేడెక్కేది) కొనాలా, క్లాస్ డీ (స్విచింగ్ తరహా, తక్కువ వేడెక్కేది) కొనాలా అని. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

చివరికి టీపీఏ 3255 చిప్ ఉన్న క్లాస్ డీ తీసుకున్నాను. ఇంటికి తెచ్చి పెడితే అదే గుయ్‌! చాలా టెన్షన్ పడ్డాను. కోఠి గుజరాతీ గల్లీలో ఒక మెకానిక్‌కు చూపిస్తే అక్కడ నిశ్శబ్దంగా పాడింది. "యాంప్ బాగానే ఉందన్నా, ఇంట్లో కేబుల్ టీవీ వైరు పీకి చూడు" అన్నాడు. సెట్‌టాప్ బాక్స్ వెనక ఆ వైరు తీయగానే టక్కున ఆగిపోయింది. గ్రౌండ్ లూప్ అన్నమాట, అంటే ఎర్త్ రెండు దారుల్లో కలిసి, ఆ వైర్లలో చిన్న కరెంటు తిరిగి గుయ్‌మనడం. ఇక్కడ ఒకరు మొదటి రోజే చెప్పారు, నేనే పట్టించుకోలేదు, సారీ అండి. టీవీ నుంచి డాక్‌కు (డిజిటల్ సిగ్నల్‌ను ఆడియోగా మార్చే పెట్టె) ఆర్‌సీఏ లోహపు వైరు బదులు, కాంతితో సిగ్నల్ పంపే ఆప్టికల్ కేబుల్ వేశాను, సమస్య పోయింది. అంటే పాత యాంప్‌లోనూ లోపం లేదు.

వాట్ల గొడవ అనవసరం. డబ్బా మీద 300+300 వాట్లు అని ఉంది, ఇచ్చిన అడాప్టరేమో 32 వోల్టులు, 5 ఆంపియర్లు, మొత్తం 160 వాట్లే. అయినా వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డీబీ మాత్రమే, చెవికి కొద్దిపాటి తేడానే. నా గదికి ఇదే ఎక్కువ.

రాత్రి కచేరీ పెడితే, పాట ఆగిన చోట వెనక తంబురా శ్రుతి ఒక్కటే వినిపించింది. ఇన్నాళ్లూ అది ఆ గుయ్‌లో కలిసిపోయింది.