సాఫ్ట్‌బాల్ టీముకు 25 మందే అన్న రూల్ మన అమ్మాయిలకు మంచిదేనా?

డాలస్ నాన్న:
అమెరికా కాలేజీ ఆటలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌ను 2025 జూన్‌లో కోర్టు ఆమోదించాక, కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ 1 సాఫ్ట్‌బాల్‌లో 12 స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయింది. ఒప్పందంలో చేరిన యూనివర్సిటీల్లో టీముకు 25 మంది దాటకూడదు, అంతే. ఇంతకుముందు ఆ 12నే ముక్కలు చేసి టీమంతా పంచేవారు, ఇప్పుడు 25 మందికీ పూర్తిగా ఇవ్వొచ్చు. నా లెక్కలో ఇది మంచి మార్పే.

లెఫ్ట్‌ఫీల్డ్ అమ్మ:
ఇవ్వడానికి డబ్బేదండీ? కొత్తగా ఆటగాళ్లకు పంచే సొమ్ము, మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి గరిష్ఠంగా 2.05 కోట్ల డాలర్లు, అందులో ఎక్కువ భాగం ఫుట్‌బాల్‌కే పోతోంది. మా అమ్మాయి పైసా స్కాలర్‌షిప్ లేకుండా వాకాన్‌గా ఆడింది. ఫీజులు మావే. చివరికి రోస్టర్ (టీము జాబితా) తగ్గించాలని లాకర్ ఖాళీ చేయమన్నారు. క్లీట్లు, గ్లవ్వు, మోకాలి ప్యాడ్లు అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసుకుని ఇంటికొచ్చింది.

డాలస్ నాన్న:
అప్పటికే ఉన్నవాళ్లను 25లో లెక్కించకుండా ఉంచుకునే వెసులుబాటు ఇచ్చారు కదా?

లెఫ్ట్‌ఫీల్డ్ అమ్మ:
ఇచ్చారు. ఉంచుకోవడం మాత్రం యూనివర్సిటీ ఇష్టం. మావాళ్లు ఉంచుకోలేదు.

నార్మన్ వాసి:
నైజరీ కెనడీ 2024లో స్టాన్‌ఫోర్డ్ నుంచి టెక్సాస్ టెక్‌కు మారితే పది లక్షల డాలర్లు దాటిన ఒప్పందం దొరికింది. సాఫ్ట్‌బాల్‌లో డబ్బు లేదనకండి.

లెఫ్ట్‌ఫీల్డ్ అమ్మ:
ఆమె దేశంలోనే పేరున్న పిచ్చర్. నేను బెంచీ మీద కూర్చునే పిల్లల గురించి మాట్లాడుతున్నాను.

డాలస్ నాన్న:
సరే, డబ్బు సంగతి వదిలేద్దాం. చదువుకైతే ఢోకా లేదు. వారానికి 20 గంటలకు మించి ఆడించకూడదు, మూడో ఏడు మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం పూర్తవ్వాలి. ఎన్‌సీఏఏ రూలే అది.

లెఫ్ట్‌ఫీల్డ్ అమ్మ:
ఆ 20 గంటల్లో ప్రయాణం కలపరు. మ్యాచ్ ఉన్న రోజు పొద్దుటి నుంచి రాత్రి దాకా గ్రౌండులోనే ఉన్నా 3 గంటలుగానే రాస్తారు. ఫిబ్రవరి నుంచి మే దాకా శుక్రవారం వస్తే ఊళ్లో ఉండరు. ల్యాబ్ సరిగ్గా ప్రాక్టీసు టైముకే పడింది, అడ్వైజర్ మేజర్ మార్చుకోమన్నారు, మెకానికల్ వదిలేసింది.

డాలస్ నాన్న:
అయితే మీ కోపం రోస్టర్ మీద కాదు, అమ్మాయి ఇంజనీరింగ్ మానేసిందని. ఆ నిర్ణయం తనది. కోచ్ మీదకు నెట్టడం న్యాయం కాదు.

లెఫ్ట్‌ఫీల్డ్ అమ్మ:
అవును, నా బాధ అదే! టీము కోసమే మేజర్ మార్చుకుంది. తర్వాత ఆ టీమే వద్దంది. పోయిన ఇంజనీరింగ్ సీటు ఎవరు తెచ్చిస్తారు? పంతొమ్మిదేళ్ల పిల్ల, ఎదురుగా కోచ్, పక్కన అడ్వైజర్. సొంత నిర్ణయం అని మీరెలా అంటారు?

ఫ్రిస్కో పిన్ని:
డివిజన్ 3 కూడా చూడండి. ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు కాబట్టి ఆట మానేసినా ఫీజులో తేడా రాదు.

డాలస్ నాన్న:
మా అమ్మాయికి డివిజన్ 1 కల. నేను వద్దనలేను.

లెఫ్ట్‌ఫీల్డ్ అమ్మ:
వద్దనమని నేనూ అనలేదండీ. యూనివర్సిటీ విజిట్‌కు వెళ్లినప్పుడు ఇంజనీరింగ్ చదివేవాళ్లు టీములో ఎంతమంది, స్ప్రింగ్‌లో ల్యాబ్‌లు ఎప్పుడు చేస్తున్నారు అని అడగండి. కోచ్‌ను కాదు, ఆ అమ్మాయిలనే అడగండి.

డాలస్ నాన్న:
అడుగుతాను. 25 రూల్ మంచిదన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.