కల్లు డిపో బందైతే తాగేటోళ్లను ఇంట్ల మాన్పియ్యాల్నా, దవాఖానల చేర్పియ్యాల్నా?

మానేరు గట్టు:
ఎక్సైజోళ్లు దాడి చేసి కల్తీ కల్లు డిపో మూసిన ప్రతి ఊర్ల ఇదే జరుగుతది. రెండో రోజుకే చేతులు వణుకుతయి, నిద్ర పట్టది. గోడ మీద పురుగులు పాకుతున్నయని అరుస్తరు, కొందరికి ఫిట్స్ వస్తయి. ఊరి ఆర్‌ఎంపీ ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించి, మూర్ఛకిచ్చే ఫెనిటాయిన్ గోలీలిచ్చి, "మూడొద్దులు ఆగితే గండం గడిచినట్టే" అంటడు. ఇంట్ల ఉంచి మాన్పియ్యొచ్చునా, అందరినీ వరంగల్ ఎంజీఎంకు తోలాల్నా? ఎరుకున్నోళ్లు చెప్పుండ్రి.

పీహెచ్‌సీ సిస్టర్:
గ్లూకోజ్ కన్న ముందు థయామిన్ ఇయ్యాలె. ఉత్త గ్లూకోజ్ ఎక్కించొద్దు.

ఓరుగల్లు వార్డు:
సిస్టర్ చెప్పింది నిజం. ఏండ్ల తరబడి తాగి, సరిగ్గా తినని మనిషి ఒంట్లో థయామిన్, అంటే బి1 విటమిన్, అడుగంటి ఉంటుంది. గ్లూకోజ్ ఎక్కితే ఆ మిగిలింది కూడా ఖర్చయిపోతుంది. వెర్నికే అనే మెదడు జబ్బు అప్పుడే బయటపడుతుంది. కన్నుగుడ్లు అదరడం, నడక తూలడం, మాట పొంతన లేకపోవడం దాని గుర్తులు. మూడూ కలిసి కనిపించేది తక్కువ మందిలోనే, కాబట్టి ఒక్కటి కనిపించినా అనుమానించాలి.

ఇక "మూడు రోజుల" మాట. ఉత్త సారాయి, విస్కీ తాగేవాళ్ల విషయంలో అందులో కొంత నిజం ఉంది. వాళ్లకు ఫిట్స్ ఎక్కువగా 6 నుంచి 48 గంటల మధ్య వస్తాయి. మతి తప్పే డెలీరియం రెండు మూడు రోజులకు మొదలవుతుంది. కల్తీ కల్లు లెక్క వేరు. అందులో ఆల్కహాల్‌తో పాటు అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్ర, మత్తు మందుల్లో ఏదో ఒకటి, ఒక్కోసారి రెండు ఉంటాయి. అల్ప్రాజోలం ఒంట్లోంచి తొందరగా దిగిపోతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే దెబ్బ తెలుస్తుంది. డయాజెపాం నెమ్మదిగా దిగుతుంది. అది మానినందుకు వచ్చే ఫిట్స్ వారం దాటాక కూడా రావచ్చు. ఇంటివాళ్లు నాలుగో రోజు "బాగైండు" అని వదిలేస్తారు, ఎనిమిదో రోజు పొలం గట్టున పడిపోతాడు.

ఫెనిటాయిన్ ఇక్కడ పనిచేయదు. ఇది మూర్ఛ జబ్బు కాదు. మెదడుకు బ్రేకు వేసే గాబా వ్యవస్థ ఆ మత్తుకు అలవాటు పడి మొద్దుబారింది. మత్తు ఒక్కసారిగా తీసేస్తే మెదడును ఉరికించే గ్లుటమేట్ వేగానికి అడ్డం ఉండదు. అదే జాతి మందును, నిదానంగా దిగేదాన్ని ఇచ్చి, మెల్లగా తగ్గించడమే వైద్యం.

నర్సంపేట మందుల షాపు:
అంటే కల్లుల కలిపే డయాజెపామే చీటీ మీద రాసి ఇంటికి పంపుతరు. అంతేనా సార్? డయాజెపాం, అల్ప్రాజోలం రెండూ షెడ్యూల్ హెచ్1ల, అంటే డాక్టర్ చీటీ లేంది అమ్మరాని మందుల పట్టికల, ఉన్నయి. డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎన్ని గోలీలు పోయినయో వేరే రిజిస్టర్‌ల ఎక్కిచ్చి మూడేండ్లు దాచాలె. మేం రాస్తం. గోలీ షాపు దాటినంక ఎవరు రాస్తరు? ఇంట్ల పది గోలీలుంటే ఒక్కనాడే మింగుతడు, లేకుంటే పక్కూరి కల్లుతోని కలిపి తాగుతడు. రెండూ కలిస్తే ఊపిరి ఆగుతది. ఇల్లు మత్తు మాన్పిచ్చే జాగ కాదు. చేర్పియ్యాల్సిందే.

ఓరుగల్లు వార్డు:
కలిపి తాగితే ఊపిరి ఆగుతుందన్నది నూటికి నూరు పాళ్లు నిజం. అందుకే ఏ రోజు మందు ఆ రోజే, తాగని మనిషి చేతిలో పెట్టాలి. తూలుతూ వస్తే, నోట్లో కల్లు వాసన ఉంటే ఆ పూట గోలీ ఇవ్వకూడదు.

కానీ ఒక ఊళ్లో వంద మందికి వణుకు పట్టిన రోజు వంద మంచాలు ఎక్కడ తెస్తారు? 2020 లాక్‌డౌన్‌లో కల్లు, లిక్కర్ రెండూ ఆగినప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం ఎట్లా పోటెత్తారో అందరం చూశాం. కాబట్టి వేరు చేసుకోవాలి. ముందెప్పుడైనా మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్లు, మతి తప్పినవాళ్లు, 65 దాటినవాళ్లు, గర్భిణులు, కామెర్లు ఉన్నవాళ్లు, తలకు దెబ్బ తగిలినవాళ్లు, ఇంట్లో తాగని మనిషి ఒక్కరూ లేనివాళ్లు, వీళ్లను చేర్చాల్సిందే. ముందు ఫిట్స్ వచ్చినవాళ్లను ఎందుకంటున్నానంటే, మాని, మళ్లీ తాగి, మళ్లీ మానిన ప్రతిసారీ మెదడు ఇంకాస్త సులువుగా రాజుకుంటుంది. మొదటిసారి వణుకుతో పోయినవాడికి నాలుగోసారి ఫిట్స్ రావచ్చు. మిగతావాళ్లకు పీహెచ్‌సీ నుంచి రోజూ చూస్తూ చేయొచ్చు.

గీత బిడ్డ:
మీరందరూ "కల్లు, కల్లు" అంటున్నరు. తాటిచెట్టు మీద లొట్టిల దిగినదాంట్ల అల్ప్రాజోలం ఉండది సార్. పొద్దుగాల దించింది మాపటికి పులుస్తది, తెల్లారితే తాగరాదు. చెట్లు లేని కాడ, సీజన్ కాని నెలలల్ల, ఏడాది పొడుగూత ఒకటే చిక్కదనంతోని సీసాలల్ల అమ్మేది కల్లు ఎట్లయితది? నీళ్లు, సాక్రీన్, పౌడర్. మోకు ముస్తాదు కట్టుకొని చెట్టెక్కేటోనికి ఆ పౌడర్‌తోని సంబంధం లేదు, బదనాం మాత్రం మాకే.

ఓరుగల్లు వార్డు:
గీత బిడ్డ అన్నా, మీరన్నది న్యాయం. వైద్యానికి కూడా ఆ తేడా ముఖ్యం. చెట్టు కల్లులో ఆల్కహాల్ సుమారు 5 శాతం. అదొక్కటే తాగినవాడికి ఈ స్థాయి ఫిట్స్ అరుదు. అల్ప్రాజోలం మిల్లీగ్రాముల్లోనే పనిచేసే మందు. డ్రమ్ములో కట్టెతో కలిపితే ఒక సీసాలో ఎక్కువ, ఒక సీసాలో తక్కువ పడుతుంది. ఒకే డిపోలో ఒకే రోజు తాగిన ఇద్దరిలో ఒకడు నడిచి ఇంటికి పోతాడు, ఇంకొకడు స్పృహ తప్పుతాడు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో జనం చనిపోయిన కల్లులో దొరికింది కూడా అల్ప్రాజోలమే.

మానేరు గట్టు:
మరి మనిషి ఎంత తాగిండో, అండ్ల ఎంత మందున్నదో తెల్వనప్పుడు ఎంతకాడ మొదలువెడ్తరు?

ఓరుగల్లు వార్డు:
అసలు కష్టం అక్కడే. నిద్రగోలీలకు అలవాటు పడినవాళ్లను మాన్పించడం మీద అమెరికాలో 2025లో వచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి. 2 నుంచి 4 వారాలకొకసారి 5 నుంచి 10 శాతం తగ్గించడంతో మొదలుపెట్టమని, రెండు వారాల్లో 25 శాతం దాటి ఎప్పుడూ తగ్గించొద్దని చెప్పాయి. కెనడాలో 2014లో అచ్చయిన ఎంపవర్ పరిశోధనలో నిద్రగోలీలు వాడే వృద్ధులకు వాటిని మానడం గురించి ఒక చిన్న పుస్తకం చేతికిస్తేనే ఆరు నెలల్లో 27 శాతం మంది మానేశారు, పుస్తకం అందని వాళ్లలో 5 శాతమే. కానీ ఆ మనుషులకు తాము ఏ గోలీ, ఎన్ని ఎంజీలు వేసుకుంటున్నారో తెలుసు. మన దగ్గర అది తెలియదు. ఆ కాగితాన్ని తెచ్చి మన ఊళ్లో దించలేం.

కాబట్టి లక్షణాలను బట్టి పోవాలి. మొదటి రోజు పరిశీలనలో ఉంచి, వణుకు, చెమట, నాడి వేగం, ఆందోళన లెక్కగట్టి డయాజెపాం 10 ఎంజీ ఇస్తాం. గంటా రెండు గంటలకోసారి మళ్లీ చూసి, లక్షణాలుంటే మరొకటి. కొద్దిగా మగతగా ఉండి పిలిస్తే పలికే స్థితికి రాగానే ఆపేస్తాం. 24 గంటల్లో మొత్తం ఎంత పట్టిందో అదే ఆ మనిషి లెక్క. మర్నాడు దాన్ని మూడు నాలుగు పూటలకు పంచి, అక్కణ్నించి తగ్గిస్తాం. కాలేయం బాగా చెడినవాళ్లకు డయాజెపాం పోగుపడుతుంది, వాళ్లకు అదే జాతిలోని లోరాజెపాం. డయాజెపాంను కండకు పొడవొద్దు, ఒంటికి ఎట్లా పడుతుందో చెప్పలేం. కండకైతే లోరాజెపాం నయం.

పీహెచ్‌సీ సిస్టర్:
అరుస్తున్నడని, మతి చెదిరినోళ్లకిచ్చే హాలోపెరిడాల్ ఒక్కటే పొడుస్తరు కొందరు. అది ఫిట్స్‌ను ఇంకా దగ్గరికి తెస్తది. డయాజెపామో లోరాజెపామో పడ్డంకనే, అదీ అవసరమైతేనే. ఇంకోటి, మత్తుల పడున్నోనికి విరుగుడని ఫ్లూమజెనిల్ ఇస్తే, రోజూ తాగే అలవాటున్న మనిషికి అప్పుడే ఫిట్స్ వస్తయి.

నర్సంపేట మందుల షాపు:
సార్, మీరు చెప్పిన మొదటి రోజే ఇంట్ల కుదరదు కదా! గంటగంటకు నాడి ఎవరు చూస్తరు? అంటే చేర్పియ్యాలన్న నా మాటే నిజమైంది.

ఓరుగల్లు వార్డు:
మొదటి రోజు పీహెచ్‌సీ మంచం మీద అన్నాను, నెల రోజులు వార్డులో అనలేదు.

నర్సంపేట మందుల షాపు:
నెల కాదు, మీ లెక్కల 10 శాతం 10 శాతం తగ్గిస్తే ఆర్నెల్లు. ఆర్నెల్లు గోలీ మింగేటోడు మానినట్టు ఎట్లయితది? డిపోవాడు సీసాల పోసి ఇచ్చిండు, మీరు చీటీ రాసి ఇస్తున్నరు. షాపు ముందు నిలవడి "సిస్టర్ ఇచ్చినయి సాలుతలేవు, ఇంకో పట్టీ ఇయ్యి" అని కొట్లాడేది మాతోని. వద్దంటే షట్టర్ మీద రాయి పడుతది.

ఓరుగల్లు వార్డు:
డిపోవాడికీ నాకూ తేడా లేదంటున్నారు. ఈ మాట మీద కోపం వస్తుంది, దాచను. డిపోవాడు ఎంత పోశాడో వాడికే తెలియదు, రేపు మళ్లీ రావాలనే పోస్తాడు. నేను ఇచ్చే ప్రతి ఎంజీ రాసి ఉంటుంది, వచ్చే పక్షం అంతకంటే తక్కువ ఉంటుంది. పూర్తిగా మానడం నాకూ కావాలి. అయితే ఫిట్స్‌తో పోయిన మనిషి ఇక ఏదీ మానలేడు. మీకు మందు లేకుండా బతకడం మొదటి మెట్టు. నాకు బతకడం మొదటి మెట్టు. మన ఇద్దరి పేచీ గోలీల మీద కాదు, ఇక్కడ.

గీత బిడ్డ:
మీ ఇద్దరి నడుమ అసలు ముచ్చట పోయింది. డిపో మూసుడు మంచిదే. ఎప్పుడు మూస్తున్నరు, మూసినంక ఆ ఊరి పీహెచ్‌సీల ఏమున్నది, ఇది ఎవ్వరూ అడుగుతలేరు. డ్రమ్ములు పారబోసి ఫొటోలు దిగి పోతరు. రెండో రోజు వణుకుడు సురువైతది, నాలుగో రోజు పక్కూరి డిపోకు ఆటోలు నడుస్తయి.

నర్సంపేట మందుల షాపు:
ముందుగాల పీహెచ్‌సీకి చెప్తే ముచ్చట డిపోవానికి పోతది. సరుకు మాయం. అల్ప్రాజోలం 100 గ్రాములు దాటితే ఎన్‌డీపీఎస్ అనే మత్తు మందుల చట్టంల వాణిజ్య పరిమాణం, బెయిల్ అంత అల్కగ దొరకది. అసుంటి కేసు పోగొట్టుకుందామా?

పీహెచ్‌సీ సిస్టర్:
దాడి సంగతి మాకు చెప్పే పని లేదు. ఆశా వర్కర్లు బీపీ, షుగర్ సర్వే చేసేటప్పుడు రోజూ తాగుతరా అని ఎట్లాగూ అడుగుతరు. ఇంకో రెండు అడిగితే చాలు: ఒక్కపూట ఆగితే చేతులు వణుకుతయా, ఎప్పుడన్న ఫిట్స్ వచ్చినయా. ఊరి లిస్టు తయారుంటది. దాన్ని బట్టి థయామిన్, డయాజెపాం, లోరాజెపాం ముందే తెప్పిచ్చుకోవచ్చు.

మానేరు గట్టు:
లిస్టు ఉన్నా ఊర్ల రాత్రిపూట ఫిట్స్ వస్తే? నోట్లె చెంచా పెడ్తరు, చేతిల తాళంచెవులు పెడ్తరు.

పీహెచ్‌సీ సిస్టర్:
నోట్లె ఏం పెట్టొద్దు, నీళ్లు పొయ్యొద్దు. పక్కకు తిప్పి పండుకోబెట్టాలె, తల కింద మెత్తటి బట్ట. టైం చూస్కోవాలె. కల్లు మానినంక వచ్చిన ఫిట్స్ నిమిషంల ఆగినా సరే 108 పిలవాలె, మళ్ల వచ్చుడు ఎక్కువ. 5 నిమిషాలు దాటితే అది ప్రాణం మీదికొచ్చినట్టే. ఏం చెయ్యాల్నో తోచకపోతే టెలి మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య ఫోన్ లైన్ 14416, తెలుగుల మాట్లాడ్తరు.

ఓరుగల్లు వార్డు:
ఇంకొకటి. మత్తు మందులు కనిపెట్టే మూత్రపు స్ట్రిప్పులో క్లోరల్ హైడ్రేట్ పడదు. "స్ట్రిప్పు నెగటివ్, ఉత్త కల్లే తాగిండు" అని ఇంటికి పంపొద్దు. అది ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఈసీజీ తీయాలి.

నర్సంపేట మందుల షాపు:
లిస్టు సంగతి ఒప్పుకుంట. గోలీలు మాత్రం షాపుకు రాయొద్దు సార్. పీహెచ్‌సీల సిస్టర్ ముందు మింగాలె, నోరు తెరిచి చూపియ్యాలె. అట్లయితేనే.

ఓరుగల్లు వార్డు:
మొదటి రెండు వారాలు ఒప్పుకుంటాను. ఆ తర్వాత కూలి పోయేవాణ్ని రోజూ రమ్మంటే మూడో రోజు రాడు. వారానికొకసారి, ఇంట్లో తాగని మనిషి చేతికి.

నర్సంపేట మందుల షాపు:
వారానివి ఒక్కసారే ఇచ్చుడు నేను ఒప్పుకోను.

మానేరు గట్టు:
ఆదివారం సంగతి చెప్పుండ్రి ముందు. మొదటి రెండు వారాలల్ల రెండు ఆదివారాలున్నయి, మస్తు ఊర్ల పీహెచ్‌సీలు తాళమేసి ఉంటయి.

పీహెచ్‌సీ సిస్టర్:
శనివారం పొద్దున్నది మా ముందు మింగాలె. ఆదివారం పూటలవి కవర్ల కట్టి, పేరు, టైం రాసి ఇంటామె చేతికి, ఆమె సంతకం తీస్కొని. సోమవారం ఖాళీ కవర్ తెస్తేనే తర్వాతిది. కవర్ తేకపోతే ఆశా ఇంటికి పోయి చూసి రావాలె.