డ్రిల్లింగ్ పర్మిట్ కాగితాల్లో ‘అబాండన్‌మెంట్’ను తెలుగులో ఏమందాం?

చమురు, గ్యాస్ బావులు తవ్వడానికి పెట్టుకునే పర్మిట్ దరఖాస్తుల్ని తెలుగులోకి తెచ్చేవాళ్లు ‘అబాండన్‌మెంట్’ కనిపించిన ప్రతిచోటా ‘బావిని వదిలేయడం’ అని రాసేస్తున్నారు. నిఘంటువు చూస్తే తప్పు లేదు. ఈ రంగంలో మాత్రం అర్థం తలకిందులైపోతుంది.

పని అయిపోయిన బావిలో చమురు, గ్యాస్, ఉప్పునీరు ఒక పొరలోంచి ఇంకో పొరలోకి, ముఖ్యంగా మంచినీటి పొరలోకి పాకకుండా అక్కడక్కడా సిమెంటు బిరడాలు పోస్తారు, అవి గట్టిగా నిలిచాయో లేదో బరువు మోపో ఒత్తిడి పెట్టో చూస్తారు, చివర్లో పైనున్న వెల్‌హెడ్, అంటే బావి మూతికి బిగించిన పరికరం, తీసేసి కేసింగ్‌ని, అంటే బావి లోపలి ఉక్కు గొట్టాన్ని, నేలమట్టానికి కింద కోసి మూత బిగిస్తారు. ఇదంతా కలిపితే అబాండన్‌మెంట్. దానికీ ముందే అనుమతి కావాలి. కంపెనీ ఇదేదీ చేయకుండా వెళ్లిపోతే ఖర్చుకు అక్కరకొస్తుందనే తవ్వకానికి ముందే బాండు కట్టించుకుంటారు.

ఇప్పుడు ఈ వాక్యం చదవండి: ‘బావిని వదిలేసిన తర్వాత బాండు విడుదల చేస్తారు.’ పక్క పొలం ఆసామి గుండె గుభేలుమనదూ?

నిజంగా గాలికి వదిలేసిన బావులు వేరే ఉన్నాయి, వాటిని ఆర్ఫన్ వెల్స్ అంటారు. బాధ్యత పడే యజమాని ఎవరూ దొరకరు. అమెరికా 2021 మౌలిక వసతుల చట్టంలో ఇలాంటివాటి కోసమే సుమారు 470 కోట్ల డాలర్లు కేటాయించింది. ‘వదిలేసిన బావి’ అన్న మాట వీటికి అట్టే పెట్టుకుని, అబాండన్‌మెంట్‌కి ‘మూసివేత’ అందామా?

వ్యాఖ్య: మూసివేత అంటే ఇబ్బందేనండీ. షట్-ఇన్ అని ఇంకోటి ఉంది, వాల్వు కట్టేసి బావిని ఆపి ఉంచడం. రేపు వాల్వు తిప్పితే మళ్లీ నడుస్తుంది. దాన్నీ మూసివేతే అంటాం కదా. బావిని ‘పూడ్చడం’ అని మనకు ఎప్పట్నుంచో ఉన్న మాట, అదెందుకు వద్దు?

జవాబు: బాగా పట్టుకున్నారండీ, పూడ్చివేతే సరైన మాట. పూడ్చిన బావిలోంచి ఇక ఏమీ తోడరని ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది. బిరడాల మధ్య ఖాళీల్లోనూ సాధారణంగా బరువైన మడ్, అంటే తవ్వకంలో వాడే చిక్కటి ద్రవం, నింపే ఉంచుతారు కాబట్టి పనికి కూడా అతుకుతుంది. మూసివేతను షట్-ఇన్‌కి వదిలేద్దాం. టెంపరరీ అబాండన్‌మెంట్‌కి మాత్రం పూడ్చివేత కుదరదు, అక్కడ మళ్లీ తెరిచే దారి ఉంచుతారు, ‘తాత్కాలిక బిరడా’ అంటే చాలు.

వ్యాఖ్య: జియోథర్మల్ బావిని ‘భూతాప బావి’ అనొచ్చా?

జవాబు: వద్దండీ. పత్రికల్లో భూతాపం అంటే గ్లోబల్ వార్మింగ్ అని స్థిరపడిపోయింది. ‘భూగర్భ ఉష్ణ బావి’ అని రాయండి, కాస్త పొడుగైనా పొరపాటు పడరు.