రైట్ తిమింగలం పిలుపా, హంప్‌బ్యాక్ పాటా: ఎలా విడదీయాలి?

సముద్రం లేని హైదరాబాద్‌లో తిమింగలాల గొడవేంటి అనకండి, ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఉన్న ఊరిది!

ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలాలు 400 కూడా లేవు. ఓడలు గుద్ది కొన్ని, పీతల బోనుల తాళ్లు చుట్టుకుని కొన్ని పోతున్నాయి. హైడ్రోఫోన్‌లో (నీటి అడుగు మైక్‌లో) పిలుపు దొరికితే ఆ చుట్టుపక్కల ఓడల్ని 10 నాట్ల (గంటకు సుమారు 18.5 కి.మీ.) వేగానికి తగ్గమని చెప్పొచ్చు. కాబట్టి రికార్డింగుల్లో ఆ పిలుపును కంప్యూటర్ మోడల్‌తో సరిగ్గా పట్టుకోవడమే అసలు పని.

నా సెట్టింగులివి: శాంప్లింగ్ 2000 హెర్ట్జ్ (సెకనుకు 2000 శాంపిళ్లు), శబ్దాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే ఎఫ్‌ఎఫ్‌టీ 512 శాంపిళ్లకు, పక్కపక్క ముక్కల ఓవర్‌ల్యాప్ 90 శాతం. స్పెక్ట్రోగ్రామ్‌లో (ఏ క్షణాన ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా ఉందో చూపే బొమ్మలో) పిలుపు దాదాపు సెకను పాటు, 50 నుంచి 200 హెర్ట్జ్ మధ్య, కొడవలి వంపులా పైకి లేస్తుంది. ఓడ ఇంజన్ల అడ్డగీతలు ఇబ్బంది కాదు. ఒక్కో ఫ్రీక్వెన్సీకి మీడియన్ (మధ్య విలువ) తీసేస్తే పోతున్నాయి.

తంటా అంతా హంప్‌బ్యాక్ అనే మరో జాతి తిమింగలంతోనే. దాని పాటలోనూ అచ్చం ఇలాంటి వంపులే. థ్రెషోల్డ్ (పిలుపే అని ఒప్పుకోవడానికి మోడల్‌కు పెట్టిన కనీస స్కోరు) పెంచితే దూరం నుంచి వచ్చే సన్నటి పిలుపులు జారిపోతాయి, దించితే హంప్‌బ్యాక్ అంతా లోపలికొస్తుంది.

పాటలో వంపులు వరసగా తిరిగొస్తాయి కనుక 2 సెకన్ల ముక్కకు బదులు 30 సెకన్లు చూపిస్తే మోడల్‌కు తేడా తెలుస్తుందా? లేక హంప్‌బ్యాక్‌ను మోడల్‌లో విడి క్లాస్‌గా (వర్గంగా) పెట్టాలా? ఒకే రోజు ముక్కలు మోడల్ నేర్చుకునే ట్రైనింగ్‌లో, దాన్ని పరీక్షించే టెస్ట్‌లో రెండింట్లో పడితే స్కోరు ఉత్తుత్తిగా పెరుగుతుంది. రోజులవారీగా విడగొడితే సరిపోతుందా, హైడ్రోఫోన్ల వారీగా కూడా విడగొట్టాలా? చేసి చూసినవాళ్లు చెప్పండి.