సర్పి: పాము కాదు, పాకడం

మొన్న ఒక సభ్యురాలు ఇక్కడ అడిగిన ప్రశ్న: "డాక్టరు చీటీలో హెర్పీస్ జోస్టర్ అని ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు సర్పి అంటున్నారు. సర్పి అంటే పాము వల్ల వచ్చే జబ్బా? హెర్పీస్‌కు సరైన తెలుగు మాట ఏమిటి?" కింద జవాబులు చాలానే వచ్చాయి. 'విసర్పిణి' అన్నారు ఒకరు. 'కటివిసర్పం' అన్నారు ఇంకొకరు. తెలుగులో అసలు మాటే లేదని తేల్చేశారు మరొకరు. అడిగినావిడ ప్రశ్నలోనే జవాబు ఉందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. రోగులకు ఇచ్చే కరపత్రాలను తెలుగులో రాయడం నా పని కనుక ఈ మాటతో నాకు పాత పరిచయం ఉంది. కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక పట్టండి.

సంస్కృతంలో 'సృప్' ధాతువుకు పాకడం అని అర్థం. పాకేది కనుక సర్పం. బల్లులను, పాములను, మొసళ్లను కలిపి సరీసృపాలు అంటున్నామే, అదీ ఈ ధాతువు బిడ్డే. ఒంటి మీద ఒకచోట మొదలై పక్కకు పాకుతూ పోయే జబ్బును ఆయుర్వేదం 'విసర్పం' అంది. మన సర్పి ఆ ఇంటి మాటే. జబ్బుకు పేరు పెట్టినవారు చూసింది అది పాకే తీరును. పాముకూ దానికీ ఉన్న చుట్టరికం ఒకే ధాతువుకు పుట్టడం వరకే.

ఇక గ్రీకు. అక్కడ 'హెర్పో' అంటే పాకుతున్నాను అని. హిపోక్రటీస్ పేరిట ఉన్న ప్రాచీన వైద్య గ్రంథాల్లోనే పాకే పుళ్లకు హెర్పీస్ అన్న మాట ఉంది. సంస్కృతంలో పదాదిన 'స' ఉన్నచోట గ్రీకులో తరచు 'హ' కనిపిస్తుంది. సప్త అంటే వాళ్లకు హెప్టా. సగం అనే అర్థంలో మనకు 'సామి' ఉంటే వాళ్లకు 'హెమి'. లాటిను మాత్రం 'స'ను వదులుకోలేదు: సెప్టెమ్, సెమి, పాముకు సెర్పెన్స్. ఇప్పుడు సర్ప్, హెర్ప్ పక్కపక్కన పెట్టి చూడండి. హెర్పీస్‌కు తెలుగు ఏమిటని అడిగితే సర్పి అని చెప్పడం అనువాదం కూడా కాదు, తప్పిపోయిన తోబుట్టువును పిలిచినట్టు.

అన్నట్టు, పాములనూ బల్లులనూ కప్పలనూ చదివే శాస్త్రం పేరు హెర్పెటాలజీ. ఒక చిత్తుప్రతిలో హెర్పెటాలజిస్టును 'సర్పి వైద్యుడు' అని రాసి ఉండగా దిద్దాల్సి వచ్చింది. నవ్వుకున్నాను కానీ, ధాతువు లెక్కన ఆ అనువాదకుడు మరీ దారి తప్పలేదు పాపం.

జోస్టర్ అంటే గ్రీకులో నడికట్టు. వెన్ను దగ్గర మొదలై పక్కటెముకల మీదుగా ముందుకు వచ్చే పొక్కుల వరుసను చూసి పెట్టిన పేరు. జర్మన్లు దీన్ని 'గుర్టెల్‌రోజె' అంటారు, నడికట్టు గులాబీ. డెన్మార్కువాళ్లకు, అంటే డేన్లకు, అది నరకాగ్ని. పడ్డవాళ్లను అడిగితే డేన్ల మాటకే ఓటు వేస్తారు. మన పొరుగున కన్నడిగులు 'సర్పసుత్తు' అంటారు, పాము చుట్టు. మరాఠీలో 'నాగీణ్', ఏకంగా ఆడపామే. తమిళులు 'అక్కి' అని వేరే దారి పట్టారు. ఎక్కడో లాటిన్ అమెరికాలో స్పానిష్ మాట్లాడేవారు కూడా 'కులేబ్రియా' అంటారట, చిన్న పాము. వాళ్లు మనల్ని చూసి పెట్టుకోలేదు, మనం వాళ్లను చూసి పెట్టుకోలేదు.

ఇక్కడే నాకు మా పెద్దమ్మ గుర్తుకు వస్తుంది. డెబ్బై దాటిన మనిషి. కుడి రొమ్ము కింద మంట అని మూడు రోజులు ఓర్చుకుని, పొక్కులు లేచాక ఆస్పత్రికి వెళ్లింది. చీటీలో ఉన్న హెర్పీస్ అన్న మాటను మనవడు ఫోనులో వెతికాడు. లైంగిక సంబంధాల వల్ల వచ్చే జబ్బు అని ఎక్కడో చదివి, గదిలోంచి బయటికి వెళ్లిపోయాడు. విషయం పెద్దమ్మ చెవిన పడింది. నేను వెళ్లేసరికి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. "ఈ వయసులో నాకు ఈ నింద ఏమిటి నాయనా" అంది.

"పెద్దమ్మా, ఇది సర్పి" అన్నాను.

చటుక్కున లేచి కూర్చుంది. "సర్పా? ఆ మాట ముందే చెప్పకూడదా! మా అత్తగారికీ వచ్చింది." ముఖంలో వెలుగు వచ్చి అరనిమిషం కాలేదు, మళ్లీ తగ్గిపోయింది. వీపు నా వైపు తిప్పి, "తలా తోకా కలిసిందేమో చూడు" అంది. సర్పి పాములా ఒంటిని చుట్టేసి తలా తోకా కలిస్తే మనిషి దక్కడని పాత నమ్మకం.

ఒక మాట సిగ్గును తీసేసి, భయాన్ని తెచ్చి పెట్టింది. మాటను పరిచయం చేసేటప్పుడు రెండూ విప్పి చెప్పాలని నాకు అప్పుడే తెలిసింది.

సిగ్గు సంగతి: ఫోనులో మనవడు చూసింది హెర్పీస్ సింప్లెక్స్. అది వేరే వైరసు. జ్వరం వచ్చి తగ్గాక పెదవి మీద లేచే పొక్కులు కూడా తరచు దాని పనే, దానికీ నడతకూ సంబంధం లేదు. సర్పికి కారణం ఆటలమ్మ వైరసు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గిపోయాక కూడా ఆ వైరసు వెన్నుపాము పక్కనుండే నరాల ముడుల్లో నిద్రపోతూ ఉంటుంది. వయసు మీద పడో, ఇంకేదో జబ్బు వచ్చో ఒంట్లో కాపలా సడలినప్పుడు లేచి, తానున్న నరం వెంట చర్మం దాకా వస్తుంది. పల్లెలో రోగులను చూసుకుంటూనే ఈ సంగతిని ఏళ్ల తరబడి గమనించిన హోప్-సింప్సన్ అనే ఇంగ్లండు డాక్టరు 1965లో దీన్ని సిద్ధాంతంగా రాశాడు.

భయం సంగతి: వెన్నుపాము నుంచి 31 జతల నరాలు బయలుదేరతాయి. జతలో ఒకటి కుడి పక్కకు, రెండోది ఎడమ పక్కకు. వైరసు లేచింది కుడి నరంలో అయితే పొక్కులు కుడి పక్కనే వస్తాయి, ఒంటి నడిమి గీత దగ్గర ఆగిపోతాయి. అందుకే అది సగం వడ్డాణంలా ఉంటుంది. హెడ్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు డాక్టర్లు 1900లో సర్పి రోగులను పరిశీలించే ఏ నరం చర్మంలో ఏ పట్టీని ఏలుతుందో పటం గీశారు. తలా తోకా కలవకపోవడం మన అదృష్టం కాదు, నరాల అమరిక. రెండు పక్కలా రావడం, ఒళ్లంతా పొక్కడం చాలా అరుదు. అలా వస్తే రోగనిరోధక శక్తి బాగా తగ్గి ఉండవచ్చు, వెంటనే చూపించుకోవాలి. ముక్కు కొన మీద పొక్కు కనిపించినా అంతే, కంటికి ముప్పు.

ఈ పాము ఊహ ఉత్త ఊహగా ఉండి ఊరుకుంటే నాకు పేచీ లేదు. మా చిన్నప్పుడు సర్పి వచ్చినవారికి ఎర్రమట్టి నూరి పొక్కుల చుట్టూ కట్టగా గీసేవారు, పాము దాటిపోకుండా. మూడు పూటలు, మూడు రోజులు. ఎసైక్లోవిర్ లాంటి మందు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. లెక్క వేసుకోండి, ఆ మూడు రోజులూ మట్టి గీతకే పోయాయి.

పరీక్ష గురించి ఒక ముక్క. చూడగానే పోల్చుకోగలిగే జబ్బు కనుక చాలామందికి పరీక్ష అక్కరలేదు. అనుమానం ఉంటే తాజా పొక్కును విప్పి, దాని అడుగును గీకి, గాజుపలక మీద పూసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ట్సాంక్ పరీక్ష అంటారు. చాలా కేంద్రకాలున్న పెద్ద కణాలు కనిపిస్తే హెర్పీస్ జాతి అని తెలుస్తుంది. సింప్లెక్సా జోస్టరా అన్నది మాత్రం దీనితో తేలదు, దానికి పీసీఆర్ లాంటి జన్యు పరీక్ష కావాలి. కరపత్రంలో దీన్ని నేను 'పొక్కు గీకి చూసే పరీక్ష' అని రాశాను. 'స్ఫోటక తల లేపన పరీక్ష' అని దిద్దారు ఒక పెద్దాయన. మళ్లీ నా మాటే పెట్టించేసరికి తలప్రాణం తోకకు వచ్చింది.

చర్మం విషయంలో మన భాష పేదది కాదండీ. చిన్నగా నీరు నిండితే పొక్కు, పెద్దదైతే బొబ్బ. ఎండి గట్టిపడితే పక్కు. పొడిగా రాలితే పొలుసు. దురదతో ఉబ్బి గంటల్లో మాయమైతే దద్దురు. చర్మ వైద్యుల పాఠ్యపుస్తకం మొదటి అధ్యాయంలో విడమరిచి నేర్పే తేడాలే ఇవి. మా పెద్దమ్మకు అవన్నీ పుస్తకం లేకుండానే వచ్చు.

చేర్పు: "సర్పి, తామర ఒకటేనా?" అని కింద అడిగారు. కాదు. తామర శిలీంధ్రం వల్ల వస్తుంది. ఉంగరంలా అంచు లేస్తుంది, దురద ఎక్కువ. దాని పొలుసును గీకి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి చూస్తే శిలీంధ్రపు పోగులు కనిపిస్తాయి.

ఇంకో చేర్పు: ఆయుర్వేదంలోని విసర్పమే సర్పియా అని అడిగినవారికి: పేరు చుట్టమే కానీ జబ్బు అచ్చంగా అదే కాదు. విసర్పం చాలా విశాలమైన మాట. జ్వరంతో ఎర్రగా పాకే చర్మవ్యాధులను కూడా అందులోనే చేర్చారు. అందుకే జోస్టర్‌కు విసర్పం అని రాయను, సర్పి అనే రాస్తాను.

నాకు ఇంకా మాట దొరకనిది ఒకటి మిగిలింది. పొక్కులు మాడిపోయాక కూడా ఆ పట్టీలో నెలల తరబడి నిలిచే నొప్పి. చీర కొంగు తగిలినా భగ్గుమంటుంది. డాక్టర్ల పేరు పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా. కరపత్రంలో 'సర్పి తర్వాతి నరాల నొప్పి' అని పెట్టి సరిపెట్టాను, తృప్తి లేదు. పెద్దమ్మ అయితే "సర్పి పోయింది, సలపరం పోలేదు" అంటుంది. మీ ఊళ్లలో దీనికి ప్రత్యేకంగా ఒక పేరు ఉంటే చెప్పండి. కొత్తగా తయారుచేసింది వద్దు, ఎవరైనా బాధపడుతూ అన్న మాట కావాలి.