డ్రాగన్స్ డాగ్మా 2: నడకే ఆటా, మన టైముకి బొక్కా? (2024 మార్చి చివరి చర్చ)

రుషికుల్య (బరంపురం)

కాప్‌కామ్ కంపెనీ తీసిన ఈ వీడియో గేము మొదటి భాగం 2012లో వచ్చింది. రెండోది 2024 మార్చి 22న దిగింది. పన్నెండేళ్ళు చూశాం. తీరా శనివారం పొద్దున్న స్టీమ్ (పీసీ ఆటలు అమ్మే, రివ్యూలు రాసే ఆన్‌లైన్ కొట్టు) తెరిస్తే ‘మోస్ట్లీ నెగటివ్’ అని ఎర్రగా కనబడింది. అదే వారాంతంలో ఒకేసారి ఆడుతున్నవాళ్ళు రెండు లక్షలు దాటారు. ఇంతమంది ఆడుతూనే ఇంతమంది తిడుతున్నారంటే ఏది దేనికి తిడుతున్నారో విడదీసి మాట్లాడుకోవాలి. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ వైపు ఆడుతున్నవాళ్ళు ఇక్కడ రాయండి.

పీసీలో నగరంలోకి అడుగుపెట్టగానే ఫ్రేములు పడిపోయి (సెకనుకి వచ్చే బొమ్మలు తగ్గి) ఆట తడబడుతోందన్న తిట్టు న్యాయమే. వీధిలో కనబడే ఒక్కో మనిషికీ సీపీయూ (ప్రాసెసర్) చాలా ఖర్చవుతోందని కాప్‌కామ్ తనే ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. విడుదల రోజునే స్టోర్‌లో ఆటలో ఖర్చుపెట్టుకునే రిఫ్ట్ క్రిస్టల్స్, చచ్చినవాళ్ళని బతికించే వేక్‌స్టోన్లు నిజం డబ్బుకి పెట్టడమూ తప్పే. పూర్తి ధర పెట్టి కొన్నవాడికి మొదటి రోజే ఆ పేజీ చూపించకూడదు.

కానీ వీటితో పాటు ‘ఫాస్ట్ ట్రావెల్ (మ్యాప్‌లో చోటు నొక్కగానే అక్కడికి చేరడం) లేదు, నడిపించి చంపుతున్నారు’ అన్నది కూడా అదే మూటలో కట్టేస్తున్నారు. దీన్ని నేను ఒప్పుకోను. అది దోషం కాదు, ఆట అదే.

నాకు జరిగింది చెప్తాను. ఆటలో వెర్న్‌వర్త్ నగరం నుంచి మెల్వ్ ఊరికి వెళ్ళే ఎడ్లబండి ఎక్కి కునుకు తీశాను. అన్నీ బాగుంటే ఊళ్ళోనే దిగాలి. సగం దారిలో కేకలకి మెలకువ వచ్చింది, ఎదురుగా గ్రిఫిన్ అనే రెక్కల రాక్షసం. ఒక్క దెబ్బకి బండి ముక్కలైపోయింది. దాని మీదకి ఎక్కి ఈకలు పట్టుకున్నాను. అది నాతో సహా పైకి లేచింది! కింద చెట్లు చిన్నవైపోతున్నాయి, స్టామినా గీత తరిగిపోతోంది, చెయ్యి జారితే అంతే సంగతులు. ఎక్కడో కొండ మీద వాలింది. పాన్‌లు (నాతో తిరిగే తోడు యోధులు) ముగ్గురూ వెనకే ఉండిపోయారు, లాంతర్లో నూనె అడుగంటింది, పొద్దు వాలిపోయింది. మ్యాప్ మీద చుక్క నొక్కి ఊళ్ళో తేలే ఆటలో ఇలాంటి రాత్రి రాదు.

సింగిల్_సేవ్ (రాయగడ)

అన్నా, గ్రిఫిన్ కథ బాగుంది. రాత్రి పదికి కొట్టు కట్టి ఇంటికొచ్చి, అన్నం తిని, ఒక్క గంట కూర్చునేవాడి సంగతేంటి? మొదటిసారి వెళ్ళినప్పుడు దారి బాగుంటుంది, కాదనను. అదే దారిలో నాలుగోసారి వెళ్తే అదే మలుపు దగ్గర అవే గాబ్లిన్లు, వంతెన దాటాక అవే తోడేళ్ళు. అడుగుకో గుంపు. గంటలో సగం వాటికే పోతుంది. శత్రువుల రకాలు తక్కువన్న మాట ఊరికే రావట్లేదు.

దూరం ఒక్కసారిగా దాటించే ఫెర్రీస్టోన్ అనే రాయి కొనుక్కోవచ్చుగా అంటారు. కొట్లో ఒక్కోటి 10,000 బంగారం. ఆట మొదట్లో అంత డబ్బుంటే కత్తి కొనుక్కుంటాం గానీ రాయి కొంటామా?

ఇంకో మాట. మొదటి భాగంలోనూ ఇదే గొడవ నడిచింది. 2013లో దాన్నే పెంచి డార్క్ ఎరైజెన్ అని తెచ్చినప్పుడు ఎన్నిసార్లు వాడినా తరగని ఎటర్నల్ ఫెర్రీస్టోన్ వాళ్ళే ఇచ్చారు. జనం మాట విని అప్పుడు దిద్దుకున్నదాన్ని ఇప్పుడు మళ్ళీ వెనక్కి లాక్కోవడమేంటి? పైగా పోర్ట్‌క్రిస్టల్ అనే ఇంకో రాయిని నిజం డబ్బుకి స్టోర్‌లో పెట్టారు. నడక కష్టం చేసి ఆ కష్టానికి మందు అమ్ముతున్నారని జనం అనుకుంటే తప్పు జనానిదా?

పర్లాకిమిడి_బావ

కొనాలా వద్దా అని అడిగేవాళ్ళ కోసం ముందు ఇది రాస్తున్నా. కనీసం కావలసింది ఐ5 10600 లేదా రైజెన్ 5 3600, 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1070 గ్రాఫిక్స్ కార్డు. ఇవి ఉన్నాయని ధీమాగా దిగకండి. అడవిలో బాగానే నడుస్తుంది, నగరంలో మాత్రం గ్రాఫిక్స్ ఎంత తగ్గించినా పెద్ద తేడా ఉండదు, ఎందుకంటే భారం కార్డు మీద కాదు, సీపీయూ మీద. పాత ప్రాసెసర్ అయితే ప్యాచ్ (దిద్దుబాటు అప్‌డేట్) వచ్చేదాకా ఆగండి.

ఇక నడక గురించి. శివరాత్రికి మహేంద్రగిరికి జీపులు పోతూనే ఉంటాయి. అయినా నడిచి ఎక్కేవాళ్ళు నడిచే ఎక్కుతారు. వాళ్ళనడగండి ఎందుకో.

సింగిల్_సేవ్ (రాయగడ)

బావా, అది ఏడాదికోసారి. నన్ను రోజూ ఎక్కమంటున్నారు.

గోపాల్‌పూర్_అల

ఇద్దరూ దూరం గురించే మాట్లాడుతున్నారు. దూరం వల్ల ఆటలో ఇంకేం నిలబడి ఉందో చూడండి.

దెబ్బ తగిలిన కొద్దీ మన గరిష్ఠ ఆరోగ్యమే కొంచెం కొంచెం కోసుకుపోతుంది. మామూలు మందు తాగితే ఆ కోసుకుపోయిన ముక్క తిరిగి రాదు. సత్రంలో పడుకోవాలి, లేదా దారిలో గుడారం వేసి నిద్రపోవాలి. అందుకే ఊరి నుంచి బయల్దేరే ముందు క్యాంపింగ్ కిట్ మోసుకెళ్ళాలా, ఆ బరువు బదులు మందులు పట్టుకెళ్ళాలా అని ఆలోచిస్తాం. కిట్ బరువుకి నడక మందగిస్తుంది, కిట్ లేకపోతే చీకట్లో సగం ప్రాణంతో దేకాలి. సింగిల్_సేవ్ తమ్ముడు అడిగినట్టు తరగని రాయి ఇచ్చేస్తే సత్రం ఎప్పుడూ ఒక్క నొక్కు దూరంలోనే ఉంటుంది. అప్పుడు కిట్ ఎందుకు, ఎడ్లబండి ఎందుకు, లాంతరు నూనె ఎందుకు? ఒక్కటి తీస్తే అన్నీ ఊడిపోతాయి.

పాన్‌ల సంగతీ అంతే. మనకి ఒక పాన్ సొంతం, మిగతా ఇద్దర్నీ వేరే ఆటగాళ్ళ నుంచి అరువు తెచ్చుకుంటాం. వాళ్ళ యజమాని లోకంలో చూసినది వాళ్ళకి గుర్తుంటుంది. నిన్న నేను తెచ్చుకున్న పాన్ ఒకామె నడుస్తూ నడుస్తూ ఆగి, ఇక్కడ పెట్టె ఉంది, మా యజమానితో వచ్చినప్పుడు చూశానని చెప్పి ముందుకి పరిగెత్తింది. రాళ్ళ వెనక ఒక సందు, లోపల నిజంగానే పెట్టె. ఆ దారిలో నేను అప్పటికే తిరిగాను, ఆ సందు కనబడలేదు. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఆడిన ఆట నాకు దారి చూపిస్తోంది. ఇది నడిచేవాళ్ళకే దక్కుతుంది.

ఒక జాగ్రత్త: పాన్ కళ్ళు ఎర్రగా మెరిస్తే, మాట వినకుండా ఎదురు చెప్తే, దాంతో సత్రంలో పడుకోకండి. డ్రాగన్స్‌ప్లేగ్ అనే పాన్‌ల జబ్బు అది. పొద్దున్న లేచేసరికి ఊళ్ళో మనుషులు మిగలరు.

రుషికుల్య (బరంపురం)

అక్కా, నేను చెప్పాల్సింది మీరే చెప్పేశారు.

తమ్ముడూ, పోర్ట్‌క్రిస్టల్ మందు అన్నావు చూడు, అక్కడ లెక్క సరిచూడాలి. పోర్ట్‌క్రిస్టల్ అంటే దిగే చోటు. అక్కడికి ఎగరాలంటే ఫెర్రీస్టోన్ కావాలి. దాన్ని వాళ్ళు డబ్బుకి అమ్మట్లేదు, ఆటలోనే సంపాదించాలి. స్టోర్‌లో పెట్టింది కూడా ఒక్క పోర్ట్‌క్రిస్టలే. డబ్బు పెట్టినా నడక తప్పదు. అమ్మడం తప్పని మొదటి పోస్టులోనే రాశాను, ఇప్పుడూ అదే మాట. కానీ అమ్మడం కోసమే నడక పెట్టారన్న వాదన నిలవదు. దర్శకుడు హిడెయాకి ఇట్సునో విడుదలకి ముందే ఒక ఇంటర్వ్యూలో తేల్చి చెప్పాడు: ప్రయాణం విసుగు అనిపిస్తే తప్పు ప్రయాణానిది కాదు, ఆటే విసుగ్గా ఉందని అర్థమని. మొదటి భాగం తీసిందీ ఆయనే. 2013లో ఒత్తిడికి ఇచ్చినదాన్ని ఈసారి ఇవ్వకూడదని తెలిసే నిర్ణయించుకున్నాడని నా నమ్మకం.

ఇంత గట్టిగా ఎందుకు వాదిస్తున్నానంటే, కంపెనీలు స్టీమ్ రివ్యూల్ని లెక్కేసుకుంటాయి. ఫ్రేముల కోపమూ నడక కోపమూ ‘బాలేదు’ అనే ఒకే ఎర్ర బొటనవేలుగా లెక్కలోకి వెళ్తే, వచ్చే ఆటలో ఫ్రేములు బాగవుతాయో లేదో గానీ నడక మాత్రం ఎగిరిపోతుంది. మిగతా పెద్ద ఆర్‌పీజీల్లో (ఇలాంటి సాహస ఆటల్లో) చాలావరకు చుక్క నొక్కే పద్ధతిలోనే ఉన్నాయి. ఇది వేరేగా ఉంది. దీన్నీ వాటిలో కలిపెయ్యకండి.

సింగిల్_సేవ్ (రాయగడ)

పోర్ట్‌క్రిస్టల్ సంగతి సరే. అక్క చెప్పిన గుడారం లెక్కా బాగుంది. కానీ ఎక్కడికో సాహసానికి వెళ్ళడం వేరు. ఊళ్ళో ఒకడు చిన్న పని చెప్తే, దానికోసం అవతలి ఊరు పోయి, మాట కనుక్కుని, మళ్ళీ అదే దారిన వెనక్కి వచ్చి చెప్పడం వేరు. ఆ రెండో నడకలో సాహసం ఏముంది? కొన్ని పనులు ఆలస్యం చేస్తే చెయ్యి దాటిపోతాయి కూడా. పైగా ఆట దాచుకునే సేవ్ ఒక్కటే. ఎండాకాలం మొదలైంది, కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. ఇన్వర్టర్ లేని ఇంట్లో పొడుగు దారి ఎత్తుకోవాలంటేనే భయం.

పర్లాకిమిడి_బావ

ప్యాచ్ వార్త వచ్చింది. సేవ్ ఉన్నా కొత్త ఆట మొదలుపెట్టుకునే ఏర్పాటు ఇస్తారట. ఇంట్లో అన్నదమ్ములు ఒక్క కంప్యూటర్ మీద ఆడేచోట ఇది చాలా అవసరం. రూపం మార్చుకునే పుస్తకం పాన్ గిల్డ్ కొట్లో 99 దాకా ఉంచుతారట, అంటే దానికి నిజం డబ్బు పెట్టక్కర్లేదు. సొంత ఇల్లు కూడా ముందుకంటే త్వరగా దొరుకుతుందట. నడక జోలికి వెళ్ళలేదు.

గోపాల్‌పూర్_అల

వెళ్ళకపోవడమే మంచిది. తమ్ముడు చెప్పిన వెనక్కి తిరిగే నడక మాత్రం నిజంగా ఆలోచించాల్సింది. దానికి రాయి కాదు, బండి మందు. ఇప్పుడు ఎడ్లబండ్లు వెర్న్‌వర్త్ నుంచి మెల్వ్‌కీ, సరిహద్దు చెక్‌పాయింట్‌కీ, అక్కణ్ణుంచి బక్‌బత్తాల్‌కీ తిరుగుతున్నాయి. ఇంకా నాలుగు ఊళ్ళకి బండి వెయ్యమని అడగండి. బండిలో గ్రిఫిన్ భయం ఉంటుంది, చార్జీ చవక, కునుకు తీస్తే టైమూ కలిసొస్తుంది.

సింగిల్_సేవ్ (రాయగడ)

హార్వ్ ఊరికి బండి వేస్తే నా రివ్యూ ఇవాళే మారుస్తా. ఫ్రేముల గురించి రాసిన రెండు లైన్లు మాత్రం తియ్యను.